లారీ ఎక్కుతున్న తమ్ముడికి

సిరొంచ



జీపు వదిలి లారీ ఎక్కుతున్నావనీ, తునికాకు సీజన్‌కి అల్లాపల్లి అడవి దారిన లోడు తోలతావనీ అమ్మ చెప్పింది. సంతోషం. అయితే జీపు హ్యాండ్ బ్రేక్ అలవాటుతో లారీని నడపకు. రెండూ ఒకదానికొకటి తలకిందులు.

జీపులో లివర్ లాగితే ఇనుప తీగ బిగుసుకుంటుంది, వెనక డ్రమ్ముల్లో లైనర్లు విచ్చుకుంటాయి. కాలి బ్రేకు ఆయిల్‌తో దానికి పనిలేదు. బలమంతా నీ చేతిదే కాబట్టి తీగ సాగిన కొద్దీ పట్టు తగ్గుతుంది.

ఎయిర్ బ్రేకు లారీలో వెనక చక్రాల బూస్టర్లలో బలమైన స్ప్రింగులుంటాయి. అవి ఎప్పుడూ బ్రేకు వెయ్యడానికే చూస్తుంటాయి. ట్యాంకులోని గాలి వాటిని నొక్కిపడితేనే బండి కదులుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసినప్పుడు బుస్సుమని వినిపించేది ఆ గాలి బయటికి పోయే చప్పుడే. పైపు పగిలి గాలంతా పోయినా స్ప్రింగులే చక్రాలను పట్టేస్తాయి. 1872లో అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ రైళ్లకు చేసిన ఆటోమేటిక్ బ్రేకు తెలివీ ఇదే: గొట్టం తెగితే బోగీలు వాటంతట అవే ఆగిపోవాలి. ఎంత గొప్ప ఆలోచనో చూడు!

అందుకని అడవి మధ్యలో చక్రాలు పట్టేస్తే బండి చెడిందని కంగారు పడకు. ముందు గాలి మీటరు చూడు. గాలి ఎక్కకపోతే టైర్లకు చెక్క దిమ్మలు పెట్టి, మెకానిక్ వచ్చేదాకా ఆగు. బూస్టర్ విప్పే సాహసం మాత్రం వద్దు. లోపల అణిగి ఉన్న స్ప్రింగు ఎగిరొచ్చిందంటే మనిషి ప్రాణం పోతుంది.

వాలులో కాలి బ్రేకు జారుతున్నట్టనిపిస్తే గేరు తగ్గిస్తూ హ్యాండ్ బ్రేక్‌ని కొంచెం కొంచెంగా వెయ్యి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి అడ్డం తిరుగుతుంది, మలుపులో అయితే మరీ ప్రమాదం.

ప్రాణహిత ఒడ్డుకు దిగే దారుల్లో నాకు భయమెక్కువ. 2022 ఏప్రిల్‌లో పుష్కరాలకు వచ్చినట్టు మళ్లీ ఎప్పుడైనా జనం రావచ్చు. మిరప కోతలకు గోదావరి దాటే కూలీల బండ్లూ వాలులోనే ఆగుతాయి. సీట్లో లైసెన్సున్న డ్రైవరు లేకుండా బండిని నిలపాలంటే ఇంజన్ ఆపి, బ్రేకు వెయ్యాలి, లేదా బండి తనంతట కదలకుండా ఇంకో ఏర్పాటు చెయ్యాలి. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ చెప్పేది ఇదే. నువ్వు ఇవన్నీ చెయ్యి: గేరులో పెట్టు, దిమ్మా వెయ్యి. దిమ్మకు బదులు రాయి పెడితే, కదిలేటప్పుడు దాన్ని రోడ్డు మీద వదలకు. రాత్రి వచ్చే మోటారు సైకిలువాడికి అది కనిపించదు.

రోజూ సాయంత్రం గాలి ట్యాంకు కింది వాల్వు తెరిచి నీళ్లు వదిలెయ్యి. నూనె కూడా కలిసి వస్తుంటే కంప్రెసర్ చూపించాలి. ఏం వచ్చిందో ఫోన్ చెయ్యి.

మీ అన్న