ముందు సర్వర్‌నే అడుగు

చిరంజీవి అల్లుడికి,

మన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీద నువ్వు పీహెచ్‌పీతో తెలుగులో చేసిన వెబ్‌సైట్ ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోందట, హోస్టింగ్‌లో పెట్టగానే తెల్ల పేజీ వస్తోందట. కోడంతా తిరగరాస్తానన్నావు. ఆగు. ఆ సర్వర్‌లో ఏముందో, ఏం లేదో ముందు చూడు.

పీహెచ్‌పీ పేరు ఒకటే గానీ వెర్షన్, ఎక్స్‌టెన్షన్లు ఒక్కో సర్వర్‌లో ఒక్కో రకం. ఫొటోల సైజు తగ్గించాలంటే జీడీ లాంటిది ఉండాలి, తెలుగు రాతకు ఎంబీస్ట్రింగ్, ఇంట్ల్ ఉండాలి. పాత పుస్తకాల్లో కనిపించే మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ 2015 డిసెంబర్‌లో వచ్చిన పీహెచ్‌పీ 7.0తోనే పోయింది. దాని జోలికి పోకు.

పీహెచ్‌పీఇన్ఫో() అని ఒక్క వరుస రాసిన ఫైలు సర్వర్‌లో పెట్టి బ్రౌజర్‌లో తెరువు. అన్నిటికంటే పైన వెర్షన్ ఉంటుంది. ఏ పీహెచ్‌పీ.ఐఎన్‌ఐ ఫైలు చదువుతోందో ‘లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్’ దగ్గర ఉంటుంది. కిందికి పోతే ఎక్స్‌టెన్షన్ల పట్టికలు వస్తాయి. టెర్మినల్‌లో ‘పీహెచ్‌పీ -ఎం’ కొట్టినా జాబితా వస్తుంది గానీ, అదొక్కటే నమ్మకు. టెర్మినల్ చదివే ఐఎన్‌ఐ ఒకటి, వెబ్ సర్వర్ చదివేది ఇంకొకటి కావచ్చు.

తర్వాత ‘చెరువు’ అన్న మాట పొడవు అడిగి చూడు. స్ట్ర్‌లెన్ 18 అంటుంది, అవి యూటీఎఫ్-8 బైట్లు. ఎంబీ_స్ట్ర్‌లెన్ గుణింతపు గుర్తులను కూడా విడిగా లెక్కపెట్టి 6 అంటుంది. మనం చదివే మూడక్షరాల లెక్క చెప్పేది గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్, అది ఇంట్ల్ ఉంటేనే పనిచేస్తుంది. శీర్షికలను సబ్‌స్ట్ర్‌తో కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి పిచ్చి గుర్తులు రావచ్చు.

లేని ఎక్స్‌టెన్షన్ నీ ల్యాప్‌టాప్‌లోనైతే ఐఎన్‌ఐలో ఆ వరుస ముందున్న సెమీకోలన్ తీసేసి అపాచీని రీస్టార్ట్ చెయ్. హోస్టింగ్‌లోనైతే కంట్రోల్ ప్యానెల్‌లో చూడు, దొరక్కపోతే వాళ్లనే అడుగు. కావలసినవన్నీ కంపోజర్ ఫైలులో రాసిపెట్టు. రేపు నీ ప్రాజెక్టు ఇంకొకరి చేతికి పోయినా, ఏది తక్కువైందో ఇన్‌స్టాల్ చేసేటప్పుడే తెలిసిపోతుంది.

ఒక్కటి మాత్రం మరవకు. చూసుకోవడం అయిపోగానే ఆ ఇన్ఫో ఫైలు తీసెయ్. సర్వర్ వెర్షన్లు, ఫోల్డర్ దారులు, ఒక్కోసారి పాస్‌వర్డ్‌లు కూడా అందులో బయటపడతాయి. ఫైలు తీసేశాకే నాకు ఫోన్ చెయ్.

మీ మామ