కుట్టుమిషన్ ఇచ్చాక ఏం చేయాలి?
ఇంటి నుంచి ఆన్‌లైన్ వ్యాపారం - మేము నేర్చుకున్న పాఠాలు



ప్రతి రమజాన్‌లో మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో మన సొసైటీ వితంతువులకు, పేద కుటుంబాల ఆడపిల్లలకు కుట్టుమిషన్లు ఇస్తూ వస్తోంది. ఫోటోలు దిగాం, ఈ సంచికలోనే అచ్చు వేశాం. నిరుడు ఇంటింటికీ వెళ్ళి చూస్తే కొన్ని మిషన్ల మీద దుప్పటి కప్పి ఉంది. ఒకచోట మిషన్ బల్ల మీద పిల్లల పుస్తకాలు పేర్చారు. పని రాక కాదు, బద్ధకం అంతకన్నా కాదు. ఒకే గల్లీలో నాలుగు మిషన్లు మేమే ఇచ్చాం. ఆ గల్లీలో కుట్టించుకునే జాకెట్లు నలుగురికి సరిపోవు. ఒకరు రేటు తగ్గిస్తే మిగతావాళ్ళూ తగ్గించారు, చివరికి దారం ఖర్చు కూడా రాలేదు. ఈ తప్పు మాదే. మిషన్ ఇచ్చాం గాని గిరాకీ ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించలేదు.

"ఫోన్‌లో అమ్మవచ్చు కదా" అని దాతలు చాలామంది సలహా ఇచ్చారు. మంచి సలహాయే. కాని ఫోన్ చేతిలో ఉండటం వేరు, దానితో బేరం చేయడం వేరు. ఈ ఏడాది కొందరు సోదరీమణులతో కలిసి కూర్చుని మొదలుపెట్టాం. అందులో తెలిసిన విషయాలు ఇక్కడ రాస్తున్నాం. మీ ఇంట్లో ఎవరైనా మొదలుపెట్టాలనుకున్నా ఇవి పనికొస్తాయి.

ఏం అమ్మాలి?

తెలిసిన పని ఏదైతే అదే అమ్మాలని అందరూ చెబుతారు. మేము ఇంకో మాట చేరుస్తాం: పార్సిల్‌లో సుఖంగా ప్రయాణం చేసేది అమ్మాలి. తేలికగా ఉండాలి, పగలకూడదు, కారకూడదు, సైజు గొడవ తక్కువ ఉండాలి. నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు చూడండి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో పనిచేసేవారిలో ముస్లిం మహిళలు చాలామంది ఉన్నారు. చెంచాకు సైజు బాధ లేదు, కింద పడితే పగలదు, పోస్టులో ఎంత దూరమైనా పోతుంది. అలాంటి సరుకు దొరికితే సగం పని అయినట్టే.

మా వాళ్ళు బుర్ఖాలు, అబాయాలతో మొదలుపెడదామన్నారు. వద్దన్నాం. పొడవు కుదరలేదని, భుజం బిగుతుగా ఉందని వాపసులు వస్తాయి, ఒక్క వాపసుతో రెండు అమ్మకాల లాభం పోతుంది. నమాజు దుపట్టా, జానమాజ్ సంచి, దిండు గలీబు, పసిపిల్లల బొంత - వీటికి ఒకే కొలత చాలు. చేయి తిరిగాక సైజులున్న వాటికి వెళ్ళవచ్చు.

సైజు తప్పనిసరైన చోట కొలిచే పద్ధతి కొనేవారికి నేర్పాలి. హైదరాబాద్ లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కాబట్టి దూరప్రాంతాల వాళ్ళూ అడుగుతారు. గాజు సైజు 2-4 అంటే లోపలి వ్యాసం రెండుంబావు అంగుళాలు, 2-8 అంటే రెండున్నర. అంగుళాన్ని పదహారు భాగాలు చేసిన లెక్క ఇది. "మీ చేతికి సరిపోయే పాత గాజు ఒకటి తీసి, స్కేలు అడ్డంగా పెట్టి, లోపలి అంచు నుంచి లోపలి అంచు వరకు ఫోటో పంపండి" అని ఒక్క వాక్యం రాస్తే వాపసులు చాలా తగ్గుతాయి.

ధర కట్టడం

ఇక్కడే ఎక్కువమంది మునుగుతారు, కాబట్టి కాస్త ఓపికగా చదవండి. ఉదాహరణకు ఒక దుపట్టాకు గుడ్డ 170, లేసు, దారం 30, కవరు, లేబులు 10 అనుకుందాం. మొత్తం 210 రూపాయలు. కొరియర్ 60. డెలివరీ ఖర్చు కలుపుకొని 400కు అమ్మితే 130 మిగులుతుంది. కుట్టినావిడ కూలీ కూడా అందులోనే. పది అమ్మితే 1300.

ఇప్పుడు అవే పది దుపట్టాలను "సరుకు అందాక డబ్బు" పద్ధతిలో పంపారు, ఇద్దరు తీసుకోలేదు అనుకోండి. డబ్బు వచ్చింది ఎనిమిదికి: 3200. అమ్ముడుపోయిన ఎనిమిదింటి సరుకు ఖర్చు 1680. చిరిగిన రెండు కవర్లు 20. వెళ్ళిన కొరియర్ పదికి 600, వెనక్కి వచ్చిన రెండింటికి అంతే చొప్పున 120. ఖర్చు మొత్తం 2420, మిగిలింది 780. ఇద్దరు వద్దన్నందుకు చేతికి రావలసినదానిలో 520 తగ్గింది. తిరిగొచ్చిన రెండు దుపట్టాలు మళ్ళీ ఇస్త్రీ చేసి, మళ్ళీ అమ్ముకోవాలి. పెద్ద యాప్‌లో అమ్మితే వాళ్ళ కమీషను, ఇతర రుసుములు ఈ లెక్కలో ఇంకా చేరతాయి.

అందుకే మొదటి కొన్ని నెలలు ముందు డబ్బు తీసుకునే పద్ధతే మేలని మా అభిప్రాయం. తెలియనివాళ్ళు ముందుగా డబ్బు ఎందుకు ఇస్తారు? ఇవ్వరు. అందుకని తెలిసినవాళ్ళతోనే మొదలుపెట్టాలి. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు పెట్టి బంధువులకు, మొహల్లా వారికి, గల్ఫ్‌లో ఉన్నవారి కుటుంబాలకు పంపాలి. వాళ్ళ నుంచి వాళ్ళ స్నేహితులకు పేరు పాకుతుంది. ప్రకటనలకు డబ్బు పెట్టడం తర్వాతి మాట. ఒకసారి కొన్నవారు రెండోసారి రాకపోతే ప్రకటన ఎన్ని రూపాయలు మింగినా ప్రయోజనం లేదు.

ఫోటోలో దాచకూడనిది

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. మరి తడిసిన ధాన్యం జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు, మోసం చేసేవాడు మనవాడు కాడన్నారు. ఈ హదీసు మనందరికీ తెలుసు. అది ఫోన్ కెమెరాకూ వర్తిస్తుందని మాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

మా వలంటీర్ ఒకరు దుపట్టా ఫోటోకు ఫిల్టర్ వేశారు. ముదురు ఎరుపు కాస్తా మెరిసే గులాబీ అయింది. కొన్న ఆవిడ అందాక ఫోన్ చేసి, "మసీదు వాళ్ళు కూడా ఇలాగేనా బాబూ?" అని అడిగారు. డబ్బు వాపసు ఇచ్చాం, కొరియర్ మేమే భరించాం. ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పుడు ఉదయంపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫిల్టర్ లేకుండా ఫోటో తీస్తున్నాం. పక్కన స్కేలు గాని చేయి గాని పెడితే పరిమాణం తెలుస్తుంది. చిన్న లోపం ఉంటే దాన్నే దగ్గరగా తీసి, ధర తగ్గించి పెడతాం. విచిత్రమేమిటంటే అవే ముందు అమ్ముడుపోతాయి. "ప్యూర్ కాటన్" అని రాసేముందు ఒక పోగు వెలిగించి చూడాలి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. ఇక చుట్టాలచేత ఐదు నక్షత్రాల రివ్యూలు రాయించడం - వాళ్ళు కొననే లేదు కదా, అది అబద్ధపు సాక్ష్యం తప్ప మరొకటి కాదు.

చేతిలో లేని సరుకు

ఆడవాళ్ళలో ఇప్పుడు బాగా సాగుతున్నది రీసెల్లింగ్. హోల్‌సేల్ గ్రూపులో వచ్చిన ఫోటో మీద వంద రూపాయలు వేసుకుని ముందుకు పంపుతారు. ఆర్డరు వచ్చాక అసలు వ్యాపారే నేరుగా కొన్నవారికి పంపేస్తాడు. పెట్టుబడి లేదు, సులువుగా ఉంటుంది. కాని తన వద్ద లేని వస్తువును అమ్మవద్దని దైవప్రవక్త (స) హకీమ్ బిన్ హిజామ్ (ర) గారికి చెప్పారు. వస్తువు మీది కాకుండా, మీ బాధ్యతలోకి రాకుండా మీ సొంతమన్నట్టు అమ్మితే ఈ అభ్యంతరం వస్తుంది.

దారులు లేకపోలేదు. అసలు వ్యాపారితో మాట్లాడుకుని అతని ఏజెంటుగా, ఇంత కమీషను అని నిర్ణయించుకుని అమ్మవచ్చు. లేదా సరుకు ముందు తెప్పించుకుని, చేతికి వచ్చాక అమ్మవచ్చు. కొలతలు చెప్పి కుట్టించుకునే ఆర్డర్లకు ఇస్తిస్నా అనే పద్ధతి ఉంది. సరుకు వివరం, అందించే తేదీ తేల్చుకుని పూర్తి ధర ముందే తీసుకునే సలమ్ కూడా ఉంది. మీ పరిస్థితికి ఏది తగునో మీ ఆలిమ్ గారిని అడగండి. మాకు ఏజెంటు పద్ధతి నచ్చింది, ఎందుకంటే గుడ్డ వెలిసిపోతే ఎవరు జవాబుదారీ అన్నది మొదటే తేలిపోతుంది.

కాగితాలు, పన్నులు

ఎం.ఎస్.ఎం.ఇ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. దానికి డబ్బు అడిగే మధ్యవర్తులకు ఇవ్వకండి. పచ్చళ్ళు, మసాలాలు, రమజాన్ తినుబండారాలు ఇంట్లో చేసి అమ్మినా ఫుడ్ సేఫ్టీ నమోదు ఉండాలి, పద్నాలుగు అంకెల ఆ నంబరు ప్యాకెట్ మీద కనబడాలి. ప్యాక్ చేసిన సరుకు మీద నికర బరువు, గరిష్ఠ ధర, తయారైన నెల, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు రాయాలి.

జి.ఎస్.టి. గురించి ఎక్కువ అడుగుతున్నారు. వస్తువులు సొంతంగా, సొంత రాష్ట్రంలోనే అమ్మేవారికి ఏడాది టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఇలాంటి చిన్న అమ్మకందార్లు పాన్ కార్డుతో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని, రాష్ట్రం లోపల యాప్‌ల ద్వారా కూడా అమ్మవచ్చు. పన్ను వర్తించే సరుకును రాష్ట్రం దాటి పంపితే మాత్రం మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి, నోటిఫై చేసిన కొన్ని హస్తకళా వస్తువులకు తప్ప. విజయవాడ ఆవిడ హైదరాబాద్‌కు పంపినా ఇదే నియమం. నియమాలు మారుతుంటాయి కాబట్టి మన దాతల్లో ఆడిటర్లు ఎవరైనా నెలకు ఒక గంట ఇస్తే అది పెద్ద సదఖా.

మోసాల సంగతి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదు. ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే మీ ఖాతాలోంచి లాగుతున్నారని అర్థం. "పంపించాను" అని స్క్రీన్‌షాట్ పెడితే నమ్మవద్దు, ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కట్టండి.

ఒక సోదరి మానేసిన కథ

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాం. బొంతలు చాలా నీటుగా కుట్టే ఒక సోదరి తన సొంత నంబరునే కేటలాగులో పెట్టింది. మూడు వారాలు బాగా సాగింది. తర్వాత రాత్రిళ్ళు ఫోన్లు, పిచ్చి మెసేజ్‌లు మొదలయ్యాయి. ఇంట్లో అన్నయ్య ఫోన్ లాక్కున్నాడు, వ్యాపారం అక్కడితో ఆగింది. పిల్లకు వ్యాపారం నేర్పామే గాని ఈ విషయం హెచ్చరించలేదు.

అందుకే ఇప్పుడు అమ్మకానికి వేరే సిమ్, ఇషా తర్వాత ఫోన్ ఆపేయడం, ముఖం ఫోటో ఎక్కడా పెట్టకపోవడం అందరికీ నియమం చేశాం. పార్సిళ్ళ మీద ఇంటి చిరునామా బదులు సొసైటీ ఆఫీసు చిరునామా ఉంటుంది. కొరియర్ మనిషి ఆఫీసుకే వస్తాడు, వాపసులూ అక్కడికే వస్తాయి. ఆ అన్నయ్యతో మా కార్యదర్శి రెండుసార్లు వెళ్ళి మాట్లాడారు. రజబ్ నెలలో ఆ పిల్ల మళ్ళీ మొదలుపెట్టింది, అల్‌హందులిల్లాహ్. కాని మధ్యలో పోయిన నెలలు పోయినవే.

పెంచడం, పెట్టుబడి, జకాత్

వ్యాపారం పెరగడానికి ముందు నోటు పుస్తకం కావాలి. ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్, బఖరా సూరా 282వది, అప్పు లావాదేవీలు రాసుకోమనే చెబుతోంది. రోజూ ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరు బాకీ అన్నది రాసుకునేవారికే మేము రెండో విడత సాయం ఇస్తున్నాం. ఇంటి ఖర్చుకూ దుకాణానికీ వేర్వేరు ఖాతాలుండాలి. పెట్టుబడికి వడ్డీ అప్పు, వారం చిట్టీల జోలికి పోకుండా ఖర్జె హసనా నిధి నుంచి చిన్న మొత్తాలు ఇస్తున్నాం. అది తిరిగొస్తేనే ఇంకొకరికి అందుతుంది.

దాతలు ఒకటి గమనించాలి. జకాత్ సొమ్ము అర్హులైనవారి చేతికి సొంతంగా అందాలని హనఫీ ఉలమాల మాట. అందుచేత మిషన్, గుడ్డ, దారం జకాత్‌తో కొని వారి సొంతం చేస్తాం. శిక్షణ, ఆఫీసు ఇంటర్నెట్, ప్యాకింగ్ బల్ల వంటివాటికి జకాత్ వాడం, సదఖా సొమ్ము వాడతాం. రసీదు రాయించుకునేటప్పుడు ఏది ఏమిటో స్పష్టంగా చెప్పండి.

వ్యాపారం నిలదొక్కుకున్న సోదరీమణులకూ ఈ లెక్క తెలియాలి. అమ్మకానికి ఉన్న సరుకు ఆ రోజు అమ్మకం ధర, చేతిలోని నగదు, రావలసిన బాకీలు కలిపి, కట్టవలసిన అప్పులు తీసేస్తే మిగిలింది 612.36 గ్రాముల వెండి విలువకు చేరి, ఏడాది గడిస్తే రెండున్నర శాతం జకాత్ పడుతుంది. మిషన్ విలువ అందులో కలపరు. మొన్న ఒక సోదరి ఈ లెక్క వేయించుకుని, తన మీద జకాత్ పడలేదని కాస్త నిరాశపడింది. వచ్చే ఏడాది పడేలా చూస్తానంది.

మీ నుంచి డబ్బుతో పాటు రెండు కోరుతున్నాం. ఇంట్లో పెళ్ళికో అఖీఖాకో పంచే సంచులు, గలీబులు, దుపట్టాలు బజారులో కొనేముందు మా కేటలాగు ఒకసారి చూడండి. ధర తగ్గించమని అడగవద్దు, కుట్టు బాగాలేకపోతే మొహమాటం లేకుండా చెప్పండి. రెండోది, పనిచేసే పాత స్మార్ట్‌ఫోన్లు ఉంటే ఇవ్వండి. ఇచ్చేముందు మీ ఫోటోలు, బ్యాంకు యాప్‌లు, ఖాతాలు అన్నీ తీసేసి, ఛార్జర్ కూడా పెట్టి ఇవ్వండి. ఆదివారం జుహ్ర్ తర్వాత ఆఫీసు తెరిచే ఉంటుంది.