శస్త్రచికిత్సకు ముందటి సంతకము

గత కొంతకాలముగా నా యొద్దకు వచ్చుచున్న వైద్య వ్యాజ్యములలో, వైద్యుని పొరపాటును నిరూపింపబోవు తరుణమున, రోగి బంధువులు చదువక పెట్టిన సంతకమే అడ్డుపడుచుండుట చూచి ఈ హెచ్చరిక వ్రాయుచున్నాను.

ఇటీవలి కేసునే చూడుడు. పిత్తాశయ శస్త్రచికిత్స జరిగిన ఒక విశ్రాంతోపాధ్యాయునకు తీవ్ర రక్తస్రావమై మరల ఆపరేషను చేయవలసి వచ్చినది. ఆయన జ్ఞాపకశక్తికని గింకో మూలికా మాత్రలను, గుండెకు మేలని వెల్లుల్లి సారపు క్యాప్సూళ్ళను చిరకాలముగా వాడుచుండెను. ఈ రెండును రక్తము గడ్డకట్టుటను మందగింపజేయవచ్చును. అయినను మత్తువైద్యుని ప్రశ్నావళిలో, వాడుచున్న మందుల గడిలో, ఆసుపత్రి సిబ్బంది “లేవు” అని ఆంగ్లమున నింపగా కుమారుడు సంతకము చేసెను. “అవి మందులు కావు కదండీ, బలానికి వేసుకునేవి!” అని అతడిప్పుడు వాపోవుచున్నాడు. నిజమే, అట్టి డబ్బాలపై ‘వైద్యోపయోగమునకు కాదు’ అని ముద్రింపవలెనని 2016 నాటి ఆహార నిబంధనలే చెప్పుచున్నవి. కాని శరీరము ఆ చీటీని చదువదు. జిన్సెంగ్ రక్తములోని చక్కెరను తగ్గింపవచ్చును; అశ్వగంధ మత్తుమందు ప్రభావమును పెంచవచ్చును. కనుకనే వీనిని రెండు వారములు ముందుగా మానుమని మత్తువైద్యులు సాధారణముగా చెప్పుదురు.

ఆసుపత్రికి బాధ్యత లేదని నేననను. తగిన సమాచార మీయక పొందిన సమ్మతి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తీర్పు చెప్పినది. తెలుగు రోగి చేత ఆంగ్ల పత్రముపై సంతకము చేయించి, లేహ్యములను, చూర్ణములను, పొడులను గూర్చి నోరు విప్పి అడుగకుండుట క్షమార్హము కాదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ననుసరించి కోరిన 72 గంటలలో ఈయవలసిన చికిత్సా పత్రములకై ఈ కుటుంబమును వారముల తరబడి త్రిప్పుట అంతకంటె అన్యాయము. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు చట్టమిచ్చిన గడువు రెండేండ్లే కదా!

అయినను కమిషన్ యెదుట మొదట మాటలాడునది మీరు సంతకము చేసిన ఆ కాగితమే. కావున చదువక సంతకము చేయవలదు. ఇతరులు నింపిన గడిని సరిచూడక సంతకము చేయవలదు. మీరు మ్రింగు ప్రతి మాత్రను, ప్రతి పొడిని స్వహస్తముతో వ్రాసి, తేదీ వేసి, ఆ పుటను ఫోనులో ఫొటో తీసికొనుడు. వైద్యుడు వ్రాసియిచ్చిన మందులను మాత్రము ఆయన నడుగక మానకుడు. ఇట్లు వ్రాసియిచ్చిన పిమ్మటను వైద్యుడు లక్ష్యపెట్టనిచో, నేడు మిమ్ము బంధించు ఆ పత్రమే మీ పక్షమున సాక్ష్యము చెప్పును. సంతకమునకై తొందరపెట్టిన కొలదియు మీరు నిదానింపుడు.