రోహిణి ఎండ పోయి గాలివాన వచ్చే వేళ: ఇంటి చిట్కాలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన పులివెందులలో ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం వాకిట్లో కడప బండ మీద ఉత్త కాలు పెట్టలేం. అట్లాంటిది సాయంత్రానికి ఉన్నట్టుండి మబ్బు పట్టి, ఎర్రదుమ్ము లేచి, గాలివాన కొట్టేస్తుంది. మర్నాడు మళ్లీ ఎండే. మృగశిర కుదురుకునే దాకా ఇల్లాలు ఒక చేత్తో ఎండను, ఇంకో చేత్తో వానను చూసుకోవాల్సిందే. నేను చేసి చూసి, బాగున్నాయనుకున్నవే చెబుతున్నా.

1. మొదటి వాన పడగానే కూలర్‌ను అటక ఎక్కించకండి. 2025లో నైరుతి మే 24కే కేరళను తాకి, ఆ నెలలోనే రాయలసీమకూ వచ్చేసింది. తర్వాత జూన్ సగం దాకా కదలక ఆగిపోయేసరికి ఎండలు మళ్లీ మొదలయ్యాయి. వరసగా వారం రోజులు చల్లబడ్డాకే కూలర్ గడ్డి ఉతికి ఆరబెట్టి, తొట్టి తుడిచి కట్టిపెట్టండి.

2. వాన పడిన రాత్రి ఉక్కపోస్తుంటే కూలర్‌లో నీళ్ల మోటారు ఆపి, ఉత్త గాలి మాత్రమే పెట్టుకుని కిటికీలు తీయండి. గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి నీళ్లు తోడితే చల్లదనం రాదు, జిడ్డు పెరుగుతుంది. కరెంటూ నీళ్లూ రెండూ మిగులుతాయి.

3. మబ్బు పట్టిందని మజ్జిగ, నన్నారి, అంబలి మానేయొద్దు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకు. 2015 మేలో వడగాలులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి కొలిచి కలపండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే మాత్రం ఇంటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు ఒళ్లంతా తడిపి విసరండి.

4. వానకు ముందే మిద్దె ఎక్కి కసువు చిమ్మి, నీళ్లు పోయే గొట్టంలో ఆకులూ పిట్టగూళ్లూ తీసేయండి. గంట పని, గోడలకు చెమ్మ రాదు. మట్టి మిద్దె ఉన్నవాళ్లు పాతకాలం పద్ధతిలో చౌడు మన్ను ఇప్పుడే పోయించుకోండి. వాన మొదలయ్యాక మనుషులు దొరకరు, మన్నూ దొరకదు.

5. వాననీళ్లు వదిలితే నాకు ప్రాణం ఒప్పదు. మొదటి పది నిమిషాలు దుమ్ముతో వచ్చే నీళ్లు పోనిచ్చి, తర్వాత గొట్టం కింద డ్రమ్ము పెట్టండి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న మిద్దె మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 180 లీటర్లు వస్తాయి. బట్టలకు, అంట్లకు, మొక్కలకు వాడుకుంటే ఆ పూట బోరు మోటారు వేయక్కర్లేదు.

6. దుమ్ము గాలి లేచిందంటే గాలి వచ్చే వైపు తలుపు కింద తడిపి పిండిన గోనెపట్ట వేయండి. గాలి తగ్గాక ముందు పొడిగా చిమ్మి, ఆపైనే తడిగుడ్డ పెట్టండి. నేరుగా తడి పెడితే బురదై పని రెండింతలవుతుంది.

7. సగం ఎండిన వడియాలను కుప్పగా పోస్తే బూజే. మంచం మీద పాత చీర పరిచి పల్చగా పోసి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచండి.

8. మబ్బు కమ్మగానే టీవీ, ఫ్రిజ్ ప్లగ్గులు పీకేయండి, రిపేరు ఖర్చు తప్పుతుంది. ఎండాకాలమంతా పనిచేసిన ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు తగ్గి ఉంటాయి, డిస్టిల్డ్ వాటర్ గీత దాకా పోయించండి. తీగ తెగి కింద పడితే దగ్గరికి పోకుండా 1912కు చెప్పండి.

9. ఉరుము వినిపిస్తుంటే మిద్దె మీది బట్టల కోసం పరిగెత్తకండి. తడిస్తే మళ్లీ ఆరేసుకోవచ్చు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి వెళ్లండి. చేనికి పోయే వాళ్ల ఫోన్లలో దామిని యాప్ వేసిపెట్టండి, పిడుగు పడే ముప్పు ముందుగా చెబుతుంది.

10. వాన వెలిసిన సాయంత్రం ఈసుళ్లు లేస్తే ఇంట్లో దీపాలార్పి, వాకిట్లో ఒక్క బల్బు వేసి కింద నీళ్ల బేసిన్ పెట్టండి. అన్నీ అక్కడే పడతాయి.

11. తొలివానకు తేళ్లు బయటికొస్తాయి. చెప్పులు, గోనెసంచులు, మడతపెట్టిన పరుపులు దులపకుండా ముట్టొద్దని పిల్లలకు రోజూ చెప్పండి.

12. గాలికి రాలిన మామిడికాయలు అంగట్లో అగ్గువగా వస్తాయి, వదలకండి. దెబ్బ తగిలిన చోట కోసేసి, ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి గట్టి ఎండలో ఒరుగులు చేస్తే కాయలు లేని నెలల్లో పప్పులోకి పనికొస్తాయి.

13. మన చుట్టూ అరటి తోటలే కదా, గాలివాన కొడితే చెట్లు విరిగి పచ్చి గెలలు తక్కువకే అమ్ముతారు. పాపం, రైతుకు అది కడుపుకోత. బేరమాడకుండా కొని, కొన్ని వేపుడుకు, కొన్ని చిప్స్‌కు వాడి, ముదురు కాయలను బియ్యం డబ్బాలో పెడితే రోజుకు కొన్ని పండుతాయి.

14. కందిబేడలు, రాగులు, చెనిక్కాయ విత్తనాలు ఈ ఎండలోనే ఆరబెట్టి, చల్లారాక డబ్బాలకెత్తండి. వేడి మీద మూస్తే లోపల చెమ్మ పడుతుంది. బేడలకు కాస్త ఆముదం పట్టిస్తే పురుగు చేరదు. బూజు పట్టిన చెనిక్కాయలు మాత్రం వేయించినా మంచివి కావు, పారేయండి.

15. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు కలిపి పోయొద్దు, రెండూ తొందరగా చెడతాయి. ఎర్రగడ్డలను తట్టలో పల్చగా పరిచి గాలి తగిలే చోట ఉంచండి.

16. కొత్త ఊరగాయ మీద నూనె వేలెడు తేలాలి. తగ్గితే కాచి చల్లార్చిన నూనె పోసి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోండి. పెద్ద జాడీ మాటిమాటికీ తెరవకపోతే ఏడాదంతా నిలుస్తుంది.

17. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేయండి, ముద్ద కట్టదు.

18. జూన్ 12 నుంచి బడులు. ఆరని యూనిఫాం పొడి టవల్‌లో చుట్టి గట్టిగా పిండి, ఫ్యాను కింద వేసి, పొద్దున ఇస్త్రీ చేస్తే సరి.

19. తొట్లు, ఫ్రిజ్ వెనక గిన్నె, కొబ్బరి చిప్పలు ప్రతి శుక్రవారం ఒంపేసి ఆరనివ్వండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులే. పైసా ఖర్చు లేకుండా డెంగ్యూ భయం తగ్గుతుంది.

20. తడిసిన బండల మీద పాచి పట్టకముందే బ్లీచింగ్ చల్లి, పావుగంట ఆగి చీపురుతో రుద్ది కడగండి. దాంట్లో యాసిడ్ మాత్రం కలపొద్దు, ఆ ఘాటు ఊపిరికి విషం.