కొళాయికి బొక్క

ఎండాకాలం. వానలు లేని ఏడు. పాపాఘ్ని ఏట్లో ఇసుక తప్ప నీళ్ళు లేవు. వేంపల్లెలో ఒక పొదుపు సంఘం వాళ్ళు బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టాలనుకున్నారు.

ముందు కుండలు పెడదామనుకున్నారు. కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. నిజమే. కానీ వచ్చిన ప్రతి ఒక్కరూ చెంబు ముంచుతారు. చెంబుతో పాటు వేళ్ళు కూడా మునుగుతాయి. ఒకరి చేతి మురికి అందరి కడుపులోకి పోతుంది. నీళ్ళ విరేచనాలు అట్లాగే అంటుకుంటాయి. అందుకని సంఘం డబ్బుతో పెద్ద స్టీలు డ్రమ్ము ఒకటి కొన్నారు. దానికి కొళాయి లేదు. కొళాయి విడిగా తెచ్చారు. ఇంక డ్రమ్ముకు బొక్క పెట్టాలి.

"మేకు పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొడితే పడదా వదినా?" అంది ఒకామె.

"పడతాది. రేకు చినిగి పువ్వు మాదిరి విచ్చుకుంటాది. చుట్టూ సొట్ట పడతాది. వాషరు ఆనదు. నీళ్ళు కారతానే ఉంటాయి. అప్పుడు డ్రమ్ము ఎవరి ఖాతాలో రాద్దాం?" అంది వదిన.

బొక్క గుండ్రంగా, అంచు నున్నగా ఉండాలి. స్టీలుకు అట్లాంటి బొక్క పెట్టడం ఇనుప రేకుకు పెట్టినంత సులువు కాదు. ఎందుకో వంటింట్లోనే తెలుస్తుంది. స్టీలు గిన్నెలో పాలు కాస్తే మంట తగిలిన చోటే అడుగంటుతాయి. స్టీలులో వేడి తొందరగా పక్కకు పాకదు. మామూలు ఇనుములో పాకే దానిలో మూడో వంతు మాత్రమే పాకుతుంది. అందుకే కొన్ని గిన్నెల అడుగున రాగి వేస్తారు. బొక్క పెట్టేటప్పుడూ అంతే. రాపిడికి పుట్టిన వేడి బిట్టు మొన దగ్గరే నిలిచిపోతుంది. మొన కాలి మొద్దుబారుతుంది.

ఇంకో గుణం కూడా ఉంది. స్టీలును కోయకుండా ఊరికే రుద్దితే, రుద్దిన చోట ఇంకా గట్టిపడుతుంది. మొద్దు బిట్టుతో అరగంట తిప్పితే బొక్క పడదు సరిగదా, ఆ చోటు అద్దం మాదిరి మెరుస్తుంది. తర్వాత మంచి బిట్టు తెచ్చినా దిగడం కష్టం.

స్టీలు తుప్పు పట్టకపోవడానికి కారణం అందులో కలిపే క్రోమియం. నూటికి కనీసం పదిన్నర పాళ్ళు ఉంటుంది. ఇంగ్లండులోని షెఫీల్డు ఊరిలో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన 1913లో ఇట్లాంటి ఉక్కును తయారు చేశాడు. ఆయన వెతికింది తుపాకి గొట్టాలు అరగని ఉక్కు కోసం. అది చివరికి మన వంటింటికి వచ్చింది.

కొనేముందు కొలత తెలియాలి. కొళాయి మీద అర అంగుళం అని ఉంది. అర అంగుళమంటే దాదాపు 13 మిల్లీమీటర్లు. అంత బొక్క పెడితే కొళాయి దూరదు. అర అంగుళం అనేది గొట్టం లోపలి లెక్కకు పెట్టిన పేరు. మర ఉన్న చోట బయటి కొలత వేరు. వదిన మర చుట్టూ దారం చుట్టింది. దారాన్ని స్కేలు మీద పెట్టి చూసింది. 66 మిల్లీమీటర్లు వచ్చింది. దాన్ని 7తో హెచ్చించి 22తో భాగించింది. 21 వచ్చింది. కొళాయి వదులుగా దూరాలి కాబట్టి బొక్క 22 ఉండాలని చీటీ మీద రాసుకుంది.

హార్డువేరు అంగడిలో బంగారు రంగు బిట్టు ముందుకు పెడతారు. చూడ్డానికి బాగుంటుంది. అది పైపూత. రోల్డుగోల్డు గాజు సంగతి ఆడవాళ్ళకు చెప్పనక్కర లేదు. పూత కొంత మేలు చేస్తుంది గానీ లోపలి లోహమే ముఖ్యం. బిట్టు కాడ మీద చిన్న అక్షరాలు ఉంటాయి. హెచ్.ఎస్.ఎస్. అంటే మామూలు గట్టి ఉక్కు. దాని పక్కన సి.ఓ. అని ఉంటే కోబాల్టు కలిపారని అర్థం. అది వేడికి తట్టుకుంటుంది. స్టీలులో మొదటి చిన్న బొక్కకు అదే మంచిది.

పెద్ద బొక్కకు మూడు రకాలు ఉన్నాయి. మొదటిది మెట్ల బిట్టు. బోర్లించిన గోపురం మాదిరి ఉంటుంది. ఒక్కో మెట్టు మీద కొలత రాసి ఉంటుంది. 22 అన్న మెట్టు దిగగానే ఆపాలి. పలచని రేకుకు ఇది చాలా బాగా పనికొస్తుంది. రేకు మందం మెట్టు ఎత్తును మించితే పనికిరాదు.

రెండోది హోల్‌సా. చిన్న గిన్నె అంచుకు రంపం పళ్ళు పెట్టినట్టు ఉంటుంది. గట్టి ఉక్కు పళ్ళ రకం తక్కువ ధరకు వస్తుంది. కార్బైడు పళ్ళ రకం ధర ఎక్కువ. ఎన్నో బొక్కలు పెట్టేవాళ్ళకు అది లాభం. కానీ పక్కకు వంచినా, దెబ్బ తగిలినా ఆ పళ్ళు విరుగుతాయి. ఒక్క డ్రమ్ము కోసం దాన్ని కొనడం దండగ.

మూడోది పంచి. మోటారు స్టార్టరు పెట్టెలకు వాడతారు. రేకుకు అటొక ముక్క, ఇటొక ముక్క పెట్టి మధ్యలో బోల్టు బిగిస్తే రేకు తెగుతుంది. అంచు ఎంతో శుభ్రంగా వస్తుంది. ఇనుప రేకు పంచి స్టీలు మీద వాడితే పాడైపోతుంది. స్టీలుకని రాసి ఉన్నదే కావాలి.

డ్రమ్ము రేకు పలచన. గేజి సంఖ్య పెరిగే కొద్దీ రేకు పలచన అవుతుందని అంగడాయన చెప్పాడు. వీళ్ళు మెట్ల బిట్టు తీసుకుని వెల్డింగు షాపుకు పోయారు.

షాపు పిల్లోడు మిషను జోరుగా తిప్పబోయాడు. "నిదానం నాయనా," అంది వదిన. చేతి మిషను పూర్తి వేగంలో నిమిషానికి రెండు వేల చుట్లు దాటుతుంది. 22 మిల్లీమీటర్ల బొక్కకు స్టీలులో 200 చుట్లు చాలు. బిట్టు పెద్దదయ్యే కొద్దీ వేగం తగ్గాలి, ఒత్తిడి మాత్రం విడవకూడదు. ఒత్తిడి విడిస్తే రుద్దుడే మిగులుతుంది.

గుర్తు పెట్టిన చోట చిన్న గుంట కొట్టి, చిన్న బొక్క వేశాడు. రేకు వెనక చెక్క ముక్క ఆనించి బిగించాడు. నీళ్ళ పాత్ర కాబట్టి మిషను నూనె వద్దని, మొన మీద కొంచెం చెనిక్కాయల నూనె వేయించారు. దాంతో వేడి తగ్గుతుంది, తర్వాత సబ్బుతో పోతుంది. మిషను దగ్గర ఉన్నవాళ్ళు కొంగు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. కళ్ళద్దాలు ఉండాలి. చేతికి గుడ్డ తొడుగు వద్దు, బిట్టు దాన్ని చుట్టుకుని చేతిని లాగేస్తుంది. బిట్టు అవతలికి దూరే క్షణం ఇంకా జాగ్రత్త. అప్పుడే రేకును పట్టుకుని గిర్రున తిప్పుతుంది.

బొక్క పడింది. లోపలి అంచు మీద కత్తి లాంటి పొర మిగిలింది. డ్రమ్ము కడిగేటప్పుడు చేయి కోసేది అదే. వాషరును కోసేదీ అదే. ఇనుము రాకని కొత్త ఆకురాయితో దాన్ని రుద్దించారు. ఇనుము రాకిన ఆకురాయి వాడితే ఇనుప పొడి అంటుకుని, స్టీలు మీద తుప్పు మచ్చలు వస్తాయి.

లోపల ఒక రబ్బరు వాషరు, బయట ఒకటి వేసి నట్టు బిగించారు. డ్రమ్ము సబ్బుతో కడిగి, నిండా నీళ్ళు పోసి, కొళాయి కింద పాత పేపరు పరిచి రాత్రంతా వదిలేశారు. తెల్లారి వదిన పేపరు తడిమి చూసింది. పొడిగా ఉంది.