ట్రైలర్ ఎక్కే ముందు దేహానికి శిక్షణ

భారీ వాహనం నడిపే వృత్తిని ఎంచుకున్న యువకుడు స్టీరింగు, గేర్లు, రోడ్డు గుర్తులు నేర్చుకోవడానికి ఎంతో శ్రద్ధ పెడతాడు గానీ, ఆ పనికి తన శరీరాన్ని సిద్ధం చేసుకోవడానికి అందులో సగమైనా పెట్టడం అరుదు. పక్క గోడలు, పైకప్పు లేకుండా చదునైన బల్లలా ఉండే ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ విషయంలో ఈ లోటు మరింత ప్రమాదకరమవుతుంది. కంటైనర్ లారీలో సరుకుకు గోడల ఆసరా కొంత ఉంటుంది. ఇక్కడ ఇనుప పైపులనైనా, కరీంనగర్ క్వారీల నుంచి వచ్చే గ్రానైటు దిమ్మెనైనా కదలకుండా ఉంచేవి గొలుసులు, బెల్టులు మాత్రమే. ఒక ఘనమీటరు గ్రానైటు దాదాపు 2.7 టన్నులు తూగుతుందంటే, ఆ గొలుసును బిగించే చేతికి ఎంతటి బాధ్యత ఉందో ఊహించవచ్చు.

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే యువకులలో హెవీ డ్రైవర్ వీసాకు ఉన్న ఆదరణ తెలిసినదే. సిరిసిల్ల పక్కనే తంగళ్లపల్లి మండలం మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో ఏర్పాటైన డ్రైవింగ్ శిక్షణ కేంద్రం 2021లో ప్రారంభమైంది. అయితే మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లకు కారు లైసెన్సు దొరికినా, రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండి ఉండాలి. తేలికపాటి వాహనపు లైసెన్సు పొంది కనీసం ఏడాది గడిచి ఉండాలి. చాలామంది వృథా నిరీక్షణగా భావించే ఈ రెండేళ్లే నిజానికి దేహాన్ని మలచుకోవడానికి దొరికే అత్యంత విలువైన కాలం.

ఈ వృత్తి కోరే బలం పహిల్వాను బలం కాదు. ట్రైలర్ బల్ల నేల నుంచి దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తులో ఉంటుంది. లోడు ఎక్కించినప్పుడు, గొలుసులు వేసినప్పుడు, టార్పాలిన్ కప్పినప్పుడు డ్రైవరు పలుమార్లు దాని మీదికి ఎక్కి దిగుతాడు. అమెరికా రవాణా నిబంధనలు బయలుదేరిన తొలి 50 మైళ్లలోపు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 150 మైళ్లకు గానీ 3 గంటలకు గానీ కట్లను మళ్లీ తనిఖీ చేయాలని చెబుతున్నాయి. అక్కడ కలప లోడు మీద కప్పే పెద్ద టార్పాలిన్ ఒక్కటే 40 నుంచి 50 కిలోల దాకా ఉంటుంది. అందువల్ల ఒక్కసారి పెద్ద బరువు ఎత్తగలగడం కంటే, గంటల తరబడి కూర్చున్న తర్వాత కూడా నడుము పట్టేయకుండా, కాలు తడబడకుండా పని చేయగలగడమే ఇక్కడ అసలైన సామర్థ్యం.

దిగడంలోనే ఎన్నో గాయాలు జరుగుతాయి. ఆత్రంగా క్యాబిన్ నుంచి రోడ్డు వైపు ముఖం పెట్టి దూకేవాడి శరీర బరువంతా మడమల మీద, మోకాళ్ల మీద పడుతుంది. బండి వైపు తిరిగి, రెండు చేతులూ ఒక కాలూ లేదా రెండు కాళ్లూ ఒక చేయీ ఎప్పుడూ ఆధారం మీద ఉండేలా దిగడాన్ని మూడు బిందువుల పట్టు అంటారు. దిగిన వెంటనే బరువు ఎత్తకూడదు. చాలాసేపు కూర్చోవడం వల్ల వెన్నుపూసల చుట్టూ ఉండే స్నాయువులు, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీలు, కొంతసేపు వదులుగా ఉంటాయి కనుక, బండి చుట్టూ నడుస్తూ టైర్లు చూసుకుని ఆ తర్వాతే గొలుసు పట్టుకోవడం మంచిది. గొలుసును బిగించే లివరును లాగేటప్పుడు ముఖాన్ని దాని దారికి అడ్డంగా ఉంచకూడదు; బిగుతులో ఉన్న ఆ కడ్డీ చేయి జారితే వెనక్కి ఎగిరి దవడను పగలగొట్టగలదు.

ఇటువంటి దేహానికి జిమ్ అవసరం లేదు. తాలీంఖానాల్లో, అంటే దేశీ వ్యాయామశాలల్లో, కూర్చుని లేస్తూ చేసే బస్కీలు తొడలకు, నడుముకు చాలినంత శిక్షణ ఇస్తాయి. ఇంటి మెట్లు, బావి తాడు, పొలం పని మిగతాది చూసుకుంటాయి. క్రమంగా పెంచుకుంటూ పోవడం, ఒక్కరోజైనా మానకపోవడం ముఖ్యం. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటలు నిలబడి పని చేసిన కార్మికుడి కాళ్లకు ఓర్పు ఇప్పటికే ఉంటుంది గానీ, చేతులు పైకెత్తి లాగే పనికి భుజాలు కొత్తగా అలవాటు పడాలి.

ఆ కార్మికుడు ప్రత్యేకంగా గమనించవలసింది చెవులు. మరమగ్గాల ఎడతెగని చప్పుడు వినికిడిని ఏళ్ల తరబడి నెమ్మదిగా తగ్గిస్తుంది, తగ్గినట్టు మనిషికి తెలియదు. లైసెన్సు దరఖాస్తులోని ఫారం 1 అభ్యర్థి స్వయంగా ఇచ్చే ప్రకటన: మూర్ఛ, ఆకస్మికంగా స్పృహ తప్పడం, రేచీకటి ఉన్నాయా, 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటును చదవగలడా, ఎరుపు ఆకుపచ్చలను వేరుగా గుర్తించగలడా, మామూలు హారను వినగలడా అని అది అడుగుతుంది. రవాణా వాహనాలకు దీనితోపాటు వైద్యుడు సంతకం చేసే ఫారం 1ఎ కూడా కావాలి. ఈ ప్రశ్నలకు ఏజెంటు చేత అవును, కాదు అని నింపించుకోవడం సర్వసాధారణంగా కనిపించే అలవాటు. కానీ తన శరీరం గురించి తనకు తానే నిజం చెప్పుకోలేని మనిషి వ్యక్తిత్వానికి గట్టి పునాది ఏర్పడదు. ముందే చెవులు, కళ్లు, చక్కెర, రక్తపోటు పరీక్ష చేయించుకున్నవాడు కళ్లద్దాలతోనో మందులతోనో సరిదిద్దుకుని వృత్తిలో కొనసాగగలడు. దాచినవాడికి ఆ అవకాశం గల్ఫ్ వైద్య పరీక్షలో, వీసా ఖర్చంతా పెట్టాక పోతుంది.

నీరు, నిద్ర ఈ నిజాయితీకి రోజువారీ పరీక్షలు. బండి ఆపవలసి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించే డ్రైవర్లకు మూత్రపిండాల్లో రాళ్ల బెడద ఎక్కువ. సౌదీ అరేబియాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య నేరుగా ఎండలో పని నిషేధమంటే, ఆ వేడి ఎంతటిదో అర్థమవుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు మన దేశంలోనూ ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది గానీ, గొలుసు బిగించే పని ఎప్పుడూ ఎండలోనే. ఇక నిద్ర విషయంలో, తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య మెదడు చురుకుదనం సహజంగానే అడుగంటుతుంది. చాయ్, ఖైనీ దాన్ని కాసేపు కప్పిపుచ్చగలవే తప్ప తీర్చలేవు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, 5 గంటలకొకసారి కనీసం అరగంట విశ్రాంతి అని నిర్దేశించింది. లోడు ఆలస్యమవుతోందని ఫోను చేసే యజమానితో, కళ్లు మూతలు పడుతున్నాయి, రెండు గంటలు పడుకుని బయలుదేరుతానని మర్యాదగా, స్థిరంగా చెప్పడాన్ని కూడా లైసెన్సుకు ముందున్న ఆ రెండేళ్లలోనే అలవాటు చేసుకోవాలి. మరమగ్గాల యజమాని అయిన ఆసామి దగ్గర రాత్రి షిఫ్టులో పనిచేస్తున్న కుర్రవాడికి ఆ సాధన మొదలుపెట్టే సందర్భాలు ఇప్పుడే కావలసినన్ని ఉన్నాయి.