నిమిషానికి నలభై రెండు చుక్కలు

మా కడప జిల్లాలో కువైట్‌కు ఎవరూ పోని ఊరు అరుదు. మా పెద్దమ్మ కూతురు ఇంటర్ పాసై, సేద్యపు అప్పులు తీర్చను అక్కడికే పోయింది. మంచాన పడిన ఓ ముసలామెకు ఆరేళ్లు చాకిరీ చేసి, ఇరవై తొమ్మిదో ఏట తిరిగొచ్చి జి.ఎన్.ఎం.లో చేరింది. కోర్సు మూడేళ్లు. చేరడానికి ముప్పై ఐదేళ్లు దాటరాదు. ఆ ఆరేళ్ల అనుభవానికి మాత్రం ఒక్క రోజు మినహాయింపు లేదు!

మొన్న సెలవుల్లో నన్ను అడిగింది: "అబ్బీ, అర లీటరు సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు?"

మామూలు సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు. 500 మి.లీ. అంటే 10,000. దాన్ని 240 నిమిషాలతో భాగిస్తే సుమారు 42. మడిలో నీళ్లెక్కువైతే గెనిమ తెంచి వదిలేస్తాం. ఇక్కడ ఆ వీలు లేదు. గుండె బలహీనమైన వాళ్లకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. తుంటి, మడమ లాంటి ఎముక తేలిన చోట బరువంతా కొద్ది జాగాపై పడి, నెత్తురు ఆడక పుండవుతుందని మాత్రం అక్క చెబితేనే తెలిసింది. అందుకే రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలట. ఎవరూ నేర్పకుండానే కువైట్‌లో రాత్రిళ్లు అలారం పెట్టుకుని తిప్పేదట.

"ఒక్క పుండు పడనీయలేదబ్బీ" అంది. ఇప్పుడదే పాఠం, తనకంటే పదేళ్లు చిన్నపిల్లల పక్కన కూర్చుని నోట్సు రాసుకుంటోంది.